కార్నీలియస్ ర్యాన్‌లా చరిత్ర రాయాలంటే

మీరు విలేకరిగా పనిచేస్తూ చరిత్ర పుస్తకం రాయాలనుకుంటుంటే, ముందు కార్నీలియస్ ర్యాన్ పని తీరు చూడండి. ఆయన 1920లో డబ్లిన్‌లో పుట్టారు, రెండో ప్రపంచయుద్ధంలో డైలీ టెలిగ్రాఫ్ విలేకరి. 1944 జూన్ 6న మిత్రదేశాల సైన్యం ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగి జర్మన్లపై చేసిన దాడి వార్తలు స్వయంగా రాసినా, తాను చూసింది చాలదనుకున్నారు. నాకు ఆయనలో బాగా నచ్చేది ఇదే.

పేపర్లలో ప్రకటనలిచ్చి, ఆ రోజు అక్కడున్నవాళ్లను వెతికి ప్రశ్నల పత్రం పంపారు. మీరూ అలాగే చేయండి. "యుద్ధం గురించి చెప్పండి" అంటే అందరూ విన్నమాటే చెప్తారు, అదే ఎక్కడ దిగారు, అప్పుడు టైం ఎంత, పక్కన ఎవరున్నారు అని అడిగితే జ్ఞాపకాలు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ఒక పక్షంతో ఆగొద్దు, ఆయన జర్మన్లనూ ఫ్రెంచి ఊరివాళ్లనూ అడిగారు. చెప్పిన ప్రతి మాటనూ రికార్డులతో, ఇంకో సాక్షి మాటతో సరిచూడండి.

తొందరపడకండి. ర్యాన్ 1949లో మళ్లీ నార్మండీ వెళ్లారు, ఆ దాడి మీద ఆయన పుస్తకం 'ది లాంగెస్ట్ డే' 1959లో వచ్చింది. క్యాన్సర్‌తో పోరాడుతూనే చివరి పుస్తకం 'ఎ బ్రిడ్జ్ టూ ఫార్' పూర్తిచేసి, 1974లో అది వచ్చిన కొద్ది నెలలకే కన్నుమూశారు.

ఇంకోటి, కాగితాలు పారేయకండి. ఆయనవి ఒహాయో యూనివర్సిటీలో ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి ఇంటర్వ్యూ మీద పేరు, తేదీ, ఊరు ఆ రోజే రాసిపెట్టుకోండి.