పాత కంప్యూటర్‌ను కొత్త ఆటలకు సిద్ధం చేసే ముందు చూసుకోవలసినవి

గ్రాఫిక్స్ కార్డు కొనే ముందే ప్రాసెసర్‌ను పరీక్షించండి. ఆటలో రిజల్యూషన్ బాగా తగ్గించినా ఫ్రేముల వేగం (సెకనుకు తెర మీద వచ్చే చిత్రాల సంఖ్య) పెరగకపోతే అడ్డంకి చాలావరకు ప్రాసెసర్‌దే కనుక, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఆ డబ్బులో ఎక్కువ భాగం వృథా అవుతుంది.

మదర్‌బోర్డులో ఉన్నది పాత తరం డీడీఆర్3 మెమరీ అయితే అక్కడే ఆగి ఆలోచించండి. కొత్త తరం ప్రాసెసర్‌కు మారాలంటే బోర్డునూ మెమరీనీ కూడా మార్చక తప్పదు. అప్పుడది అప్‌గ్రేడ్ కాదు, పాత పెట్టెలో కొత్త కంప్యూటర్. నా దృష్టిలో ఆ దశలో విడి భాగాల మీద ఖర్చు ఆపడమే మేలు.

పవర్ సప్లై మీద రాసిన వాట్లను మాత్రమే నమ్మవద్దు. కార్డుకు కావలసిన 6 లేదా 8 పిన్నుల కనెక్టర్లు ఉన్నాయో లేదో చూడాలి. కంపెనీలు బిగించి అమ్మిన కంప్యూటర్లలో కొన్నింటికి సొంత తరహా కనెక్టర్లు ఉండడం వల్ల మామూలు పవర్ సప్లై నేరుగా సరిపోదు.

ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి తేల్చుకోండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది, విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా భాగాన్ని కోరుతుంది, కొన్ని మల్టీప్లేయర్ ఆటలైతే సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) లేనిదే తెరుచుకోవు.

కార్డు పొడవును క్యాబినెట్ లోపలి కొలతతో పోల్చండి.

హార్డ్ డిస్క్ మాత్రమే ఉంటే ముందుగా దానికన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ కొనండి. ఇప్పటి పెద్ద ఆటలు కొన్ని దాన్ని కనీస అవసరంగానే పేర్కొంటున్నాయి, పైగా రేపు కంప్యూటర్ మార్చినా అది వెంట వస్తుంది.