గుండె చప్పుళ్లు నేర్పడానికి ల్యాప్‌టాప్‌ని ఇలా వాడండి

మెడిసిన్ ఫైనల్ ఇయర్ పిల్లలకి మైట్రల్ స్టెనోసిస్ (గుండెలో మైట్రల్ కవాటం ఇరుకవడం) మర్మర్, అంటే ఆ జబ్బులో గుండె చప్పుళ్ల మధ్య వినపడే అదనపు శబ్దం, నేర్పుదామని ఒకసారి డ్యూటీ రూంలో ల్యాప్‌టాప్ తెరిచి రికార్డింగ్ పెట్టాను. "వినపడిందా?" అంటే పదిమందీ "వినపడింది మేడం" అన్నారు. రాత్రి ఇంట్లో అదే ఫైలు హెడ్‌ఫోన్స్‌తో వింటే తెలిసింది, ల్యాప్‌టాప్ బుల్లి స్పీకర్లలో ఆ మర్మర్ దాదాపు రానే రాదని. అంత మంద్రమైన శబ్దం అది. పిల్లలు మర్యాదకి తలూపారు, అంతే.

కాబట్టి చెవులు పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ కొనండి. ఒక ఆడియో స్ప్లిటర్ ఉంటే నలుగురు కలిసి వినొచ్చు. బ్లూటూత్‌వి వద్దు. తెర మీద చప్పుడు గీత ముందు వెళ్తుంది, శబ్దం వెనకాల వస్తుంది. ఎస్1 (గుండె మొదటి చప్పుడు) ఎక్కడో, ఎస్2 (రెండో చప్పుడు) ఎక్కడో పట్టుకోవాల్సిన చోట ఆ కాస్త ఆలస్యమే కొంప ముంచుతుంది.

డిజిటల్ స్టెతస్కోప్ ఉంటే మీ వార్డు పేషెంట్‌దే రికార్డు చేయండి, బెల్ మోడ్‌లో (మంద్రమైన శబ్దాలు పట్టే మోడ్). ముందు అడగాలి: "అమ్మా, మీ గుండె చప్పుడు పిల్లలకి వినిపిస్తాం, సరేనా?" ఒప్పుకోకపోతే వదిలేయండి. ఫైలుకి పేషెంట్ పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు పెట్టొద్దు. "ఎంఎస్-3" (మైట్రల్ స్టెనోసిస్, మూడోది) చాలు. వాట్సాప్ గ్రూపులో అసలే వేయొద్దు.

ఫైలుని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, ఉచితమే. చప్పుడు అలలుగా కనిపిస్తుంది. 'చేంజ్ టెంపో'లో మైనస్ 50 కొడితే వేగం సగమవుతుంది, స్వరం మారదు. పొరపాటున 'చేంజ్ స్పీడ్ అండ్ పిచ్' వాడితే స్వరం ఇంకా కిందికి దిగి, ఉన్న మర్మర్ కూడా పోతుంది. నేనిది చేసి అరగంట తల పట్టుకున్నాను.

ఇదంతా సిద్ధంగా ఉన్నా, ముందు మంచం దగ్గరికే వెళ్లాలి. తెర చూశాక స్టెత్ పెడితే, చూసిందే విన్నామనుకుంటారు. పేషెంట్‌ని ఎడమవైపు తిప్పి, ఊపిరి వదిలి ఆపమని, ఏపెక్స్ (గుండె కింది కొన) దగ్గర బెల్‌ని (స్టెత్‌కి గిన్నెలా ఉండే వైపు) తేలిగ్గా ఆనించాలి. గట్టిగా నొక్కితే అది డయాఫ్రంలా (హెచ్చు స్థాయి శబ్దాలు పట్టే చదును వైపులా) పనిచేస్తుంది. ఎస్1 గుర్తుపట్టడానికి రెండో చెయ్యి కెరోటిడ్ (మెడ దగ్గరి నాడి) మీద ఉండాలి. మణికట్టు దగ్గర నాడి కాస్త ఆలస్యంగా అందుతుంది. విన్నది ఒక కాగితం మీద గీయమనండి. ఆ కాగితం పట్టుకుని తెర దగ్గరికి, అక్కణ్ణుంచి మళ్లీ పేషెంట్ దగ్గరికి.

ఒక పేషెంట్ దగ్గరికి ముగ్గురి కంటే ఎక్కువ మందిని పంపను. మిగతావాళ్లకి ఆ రోజు రికార్డింగే. ఆయాసంతో ఉన్న మనిషి ఛాతీ మీద పది స్టెత్‌లు పెట్టించే రోజుల్లో నేనూ చదువుకున్నాను. ల్యాప్‌టాప్ వల్ల నాకు కనిపించిన అసలు లాభం ఇదే.

వారం చివర పేర్లు లేని నాలుగు క్లిప్‌లు వినిపిస్తాను. ఒకటి మామూలు గుండె. మొదటిసారి పెట్టినప్పుడు సగంమందికి దాంట్లో కూడా మర్మర్ వినపడింది! ఈ పరీక్ష మార్కులు లాగ్‌బుక్‌లో వేయను. వేస్తే మళ్లీ అందరికీ అన్నీ వినపడతాయి.