నీళ్ళు తగ్గాయని సంతోషపడకండి: సొరంగం ఫేస్ దగ్గర సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

హిమాలయాల్లో రైల్వే సొరంగాల పనికి వెళ్ళిన మంచిర్యాల, భూపాలపల్లి పిల్లలు హన్మకొండలో ఉన్న నాకు అర్ధరాత్రి ఫోన్ చేస్తుంటారు. "సార్, ఫేస్ దగ్గర నీళ్ళొస్తున్నయ్" అనగానే నేను అడిగేది ఒకటే: ఏ రంగున్నయ్? (ఫేస్ అంటే సొరంగంలో తవ్వుతూ పోయే చివరి గోడ.) నిమిషానికి ఎన్ని లీటర్లో చెప్తారు, రంగు మాత్రం చూసి ఉండరు. బోల్ట్ వేయడం (రాయిలోకి ఇనుప కడ్డీ బిగించడం), షాట్‌క్రీట్ కొట్టడం (గోడకు కాంక్రీటు చిమ్మడం) మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నాను.

బ్లాస్ట్ తర్వాత కప్పు నుంచి పెళ్ళలు ఊడుతున్నాయి

రాయి మెత్తనిదని కాదు, బీటలు కలుస్తున్నాయి. మన పద్మాక్షి గుట్ట గ్రానైట్ చూడండి, ఎంత గట్టి బండైనా మూడు దిక్కుల బీటలు కలిసిన చోట ముక్క విడిపోతుంది. ముందు వదులు రాళ్ళు దింపండి. బోల్ట్‌ను బీటకు అడ్డంగా పడేలా వేయండి. అంచు రంధ్రాల్లో పేలుడు మందు తగ్గించి, పుల్ (ఒక్కో బ్లాస్ట్‌కు ముందుకు తవ్వే పొడవు) కుదించండి. సింగరేణిలో పాతవాళ్ళు కప్పును తట్టి చూసేవాళ్ళు. గట్టి బండ ఖంగుమంటుంది, విడిపోయిన బండ బోలుగా పలుకుతుంది. ఇప్పటి పిల్లలు టార్చి వేసి చూసి వచ్చేస్తున్నారు.

నాలుగు రోజులకు షాట్‌క్రీట్ పగిలింది, రిబ్ (ఆసరా ఉక్కు కమాను) వంగింది

ఫిల్లైట్, షేల్ లాంటి మెత్తని రాయి, దాని మీద వందల మీటర్ల కొండ. రాయి మెల్లగా లోపలికి జరుగుతోంది. ఇంకా లావు రిబ్ తెప్పించే ముందు కన్వర్జెన్స్ (గోడలు లోపలికి ఎంత జరిగాయో చూసే) రీడింగుల రిజిస్టరు తెరవండి. అది ఆఫీసు బీరువాలో ఉంటుంది, తెరిచేవాళ్ళుండరు. జరిగే వేగం రోజురోజుకూ తగ్గుతుంటే కాస్త ఆగొచ్చు. తగ్గకపోతే పొడవు బోల్టులు వేసి, ఇన్వర్ట్ (సొరంగం అడుగు) మూసి చుట్టూ కట్టు పూర్తి చేయండి. నేల ఉబ్బుతుంటే ముందు అక్కడ నిలిచిన నీళ్ళు తోడెయ్యండి. కొన్ని బంకమట్లు తడి తగిలితే చాలు, పొంగుతాయి.

ఊట ఉన్నట్టుండి తగ్గింది

నా చెయ్యి కాలింది ఇక్కడే. హిమాలయాల్లో ఒక సొరంగం హెడింగ్‌లో, కప్పు గోడ కలిసే కుడి భుజం దగ్గర మూడు రోజులు సన్నటి ఊట వచ్చింది. మొదట తేటగా, తర్వాత బియ్యం కడిగిన నీళ్ళలా. నాలుగో రోజు పొద్దున భూపాలపల్లి పిల్లవాడు ఎదురొచ్చి "సార్, నీళ్ళు బందైనయ్" అన్నాడు. నేనూ సంబరపడ్డాను, పంపు కూడా తీయించాను. మధ్యాహ్నం డ్రిల్లింగ్ మొదలైన కాసేపటికి ఆ మూల ఉబ్బింది. నీళ్ళు, బురద, రాళ్ళు ఒక్కుమ్మడిగా వచ్చాయి. మనుషులం బయటపడ్డాం. జంబో (డ్రిల్లింగ్ యంత్రం) సగం దాకా కూరుకుపోయింది.

జరిగింది ఇదీ. ఫాల్ట్ (కొండ రాయి విరిగి జరిగిన చోటు) దగ్గర రాయి నలిగి బంకమట్టి పొర అయింది. ఆ పొర చెరువు కట్టలా నిలబడితే, దాని వెనక బీటల రాయి నిండా నీళ్ళున్నాయి. మేం తవ్వుతూ దగ్గరయ్యేకొద్దీ కట్ట పలచబడింది. ఊట సన్న మట్టిని కోసుకుంటూ దారి చేసుకుంది, అందుకే నీళ్ళు తెల్లబడ్డాయి. ఆ మట్టీ చిన్న రాళ్ళే చివరికి దారికి అడ్డుపడ్డాయి. ఊట ఆగింది, ఒత్తిడి ఆగలేదు. ప్రతి 10 మీటర్ల నీటి మట్టానికి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో ఒత్తిడి. వెనక 100 మీటర్ల నీళ్ళుంటే లెక్క మీరే వేసుకోండి.

"ప్రోబ్ హోల్ (ముందు ఏముందో తెలుసుకునే పొడవు రంధ్రం) వేయలేదా?" అంటారు. వేశాం, నడిమధ్యలో నేరుగా ఒక్కటి. పొడిగా వచ్చింది. ఆ పొర సొరంగం పక్కనే దాదాపు సమాంతరంగా సాగుతోంది, నేరుగా వెళ్ళే రంధ్రానికి అది తగలదు. అందుకే కనీసం మూడు వేయండి. ఒకటి నేరుగా, మిగతావి క్రౌన్ (కప్పు నడినెత్తి) వైపు, భుజాల వైపు బయటికి వాలుగా. 25, 30 మీటర్లు వేసి, చివరి 8 మీటర్లు మిగిలుండగానే తర్వాతి వరస మొదలుపెట్టండి. రాడ్ ఉన్నట్టుండి సులువుగా దిగినా, రంధ్రంలోకి పంపే ఫ్లష్ నీళ్ళు తిరిగి రాకపోయినా, రంగు మారినా ఆ మీటరు రాసి పెట్టండి.

ఇక అసలు పరీక్షకు ఖర్చు ఒక ఖాళీ బాటిల్. ప్రతి షిఫ్టులో ఊట పట్టి, తేదీ రాసి, వరసగా నిలబెట్టండి. అడుగున మట్టి నిన్నటికన్నా ఎక్కువ పేరుకుందా? మట్టి నీళ్ళు హఠాత్తుగా తగ్గాయా? మనుషుల్ని వెనక్కి పిలవండి, డ్రిల్లింగ్ ఆపండి. పొడి కాలంలో తేట నీళ్ళు వారాల తరబడి మెల్లగా తగ్గితే అది వేరు, దానికి భయం లేదు.

తర్వాత, ఫేస్ పట్టు చూసి దూరం నుంచి షాట్‌క్రీట్ కొట్టండి, కానీ డ్రైనేజీ పైపులు పెట్టకుండా కొట్టొద్దు. మూత వేసి ఒత్తిడి పెంచినట్టవుతుంది. వెనక గట్టి రాయిలో స్టాండ్‌పైప్ బిగించి, వాల్వ్ పెట్టి, దాని గుండా పొడవు రంధ్రాలు వేసి నీళ్ళు వదలండి. ఒత్తిడి తగ్గాక గ్రౌటింగ్ (బీటల్లోకి సిమెంటు పాలు ఎక్కించడం), పైన ఫోర్‌పోలింగ్ (తవ్వబోయే చోటి కప్పులోకి ముందే కడ్డీలు దింపడం), ఆ తర్వాతే చిన్న చిన్న పుల్స్.

అప్పటికే ఫేస్ జారిపోయిందా? ఆ కుప్పను ముట్టుకోకండి. మక్ (ఊడిపడిన రాళ్ళూ మట్టీ) ఎత్తేద్దామని పై అధికారులు ఒత్తిడి చేస్తారు, వినకండి. అడ్డుగా నిలబడింది ఆ కుప్పే. ఎత్తేకొద్దీ పై నుంచి ఇంకా దిగుతుంది, కప్పులో పొగగొట్టంలా గుంత పైకి పెరుగుతుంది.

దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న 8 మంది చిక్కుకున్నాక, బురద ఎంత వేగంగా వస్తుందో మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. రైల్వేలో పాత ఉదాహరణ స్విట్జర్లాండ్‌లోని లోచ్‌బెర్గ్. గాస్టెర్న్ లోయ కింద గట్టి రాయే ఉందనుకుని తవ్వారు, లోయ అడుగు మాత్రం నీళ్ళతో నిండిన ఇసుక, గులకరాళ్ళతో అనుకున్నదానికన్నా చాలా లోతుకు ఉంది. 1908 జులై 24న ఒక బ్లాస్ట్‌తో అది తెగి 25 మంది పోయారు. తర్వాత దారినే వంపు తిప్పి కట్టుకున్నారు.

మిగతావి

గట్టి రాయి పటపటమని పేలి పలకలు ఎగరడం ఎక్కువగా చాలా లోతుల్లో. మెష్ (ఇనుప వల), షాట్‌క్రీట్ పడేదాకా దాని కింద నిలబడకండి. వేడి నీళ్ళు తగిలితే గాలి పెంచండి, షిఫ్టు కుదించండి. బొగ్గు పొరలు, నల్ల షేల్ వస్తే మీథేన్ మీటర్ పక్కనే ఉండాలి. మోగిందా, అందరూ బయటికి. గాలి ఆడించి, మళ్ళీ కొలిచాకే లోపలికి.