థర్మోస్టాట్ పీకేయకండి, కొత్తది వేసుకోండి

ఎండాకాలంలో ఇంజిన్ కాగితే చాలా షెడ్లలో వినిపించే సలహా ఒకటే: "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకండీ, తీసేద్దాం." థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కి వదిలే వాల్వు. దాన్ని తీసేస్తారు, బండి నడుస్తుంది, టెంపరేచర్ ముల్లు కూడా కిందే ఉంటుంది. జబ్బు మాత్రం నయం కాలేదు. ఇప్పటి పెట్రోలు ఇంజిన్లు దాదాపు 85 నుంచి 95 డిగ్రీల వేడిలో పనిచేసేలా తయారయ్యాయి. వాల్వు లేకపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్ గుండానే తిరుగుతూ ఇంజిన్‌ను ఆ వేడికి చేరనివ్వదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ వదులుతుంది. మైలేజీ పడిపోతుంది. ఆయిల్లో చేరిన తేమ ఆవిరైపోక మడ్డి కడుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని అడుగున ఉన్న చిన్న బిళ్ళ బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్ వైపు పోకుండా బైపాస్‌లోంచే ఇంజిన్‌లోకి తిరిగొస్తుంది. అలాంటి బండి ట్రాఫిక్‌లోనో ఘాట్ రోడ్డులోనో మునుపటికంటే త్వరగా కాగుతుంది.

చాలా చిన్న పెట్రోలు కార్లలో ఇది రెండు గంటల పని. వాల్వు మార్చడానికి అరగంట చాలు. మిగతా సమయమంతా కూలెంట్ దారిలో చిక్కుకున్న గాలి తీయడానికే పోతుంది, పని చెడేది కూడా ఎక్కువగా అక్కడే.

తప్పు థర్మోస్టాట్‌దేనా?

థర్మోస్టాట్ లోపల ఇత్తడి బుడ్డిలో మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బుతుంది, సన్నటి కడ్డీని తోస్తుంది, వాల్వు తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగు మళ్ళీ మూసేస్తుంది. ఇది రెండు రకాలుగా చెడుతుంది. తెరుచుకుని ఉండిపోతే ముల్లు పైకి రావడానికి చాలాసేపు పడుతుంది, హైవే ఎక్కగానే మళ్ళీ దిగిపోతుంది. ముల్లు లేని కార్లలో నీలం దీపం ఎంతకీ ఆరదు. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే పరికరం) పెడితే పి0128 అనే కోడ్ కనిపించవచ్చు. మూసుకుని ఉండిపోతే స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు ఎర్ర గీత వైపు పరుగెత్తుతుంది. అప్పుడు థర్మోస్టాట్‌కి ఇంజిన్ వైపు భాగం కాలిపోతుంటుంది, రేడియేటర్ వైపు గొట్టం చల్లగా ఉంటుంది.

అయితే కాగిన ప్రతి బండికీ థర్మోస్టాటే కారణం కాదు. ముందు కూలెంట్ తగ్గిందా, ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. ట్రాఫిక్‌లో మాత్రమే కాగి, వేగం అందుకోగానే చల్లబడితే అనుమానం ముందు ఫ్యాన్, దాని రిలే మీద పెట్టుకోవాలి.

విప్పిన పాత వాల్వును పరీక్షించడం తేలిక. గది వేడిలో వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. అంచు వెంట వెలుగు కనిపిస్తే అది పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. తరవాత వాల్వు నోట్లో ఒక దారం ఇరికించి, పాత గిన్నెలో నీళ్ళు పోసి, గిన్నెకి తగలకుండా దారంతో వేలాడదీసి వేడి చేయండి. వాల్వు మీద 82 అనో 88 అనో అంకె ఉంటుంది, తెరుచుకోవడం మొదలయ్యే వేడి అదే. ఆ దగ్గరలో దారం జారి వాల్వు కిందపడాలి. నీళ్ళు మరిగేసరికి బాగా తెరుచుకుని కనిపించాలి. ఆ గిన్నెను మళ్ళీ వంటింట్లోకి తీసుకుపోవద్దు, కూలెంట్ విషం.

కొత్త వాల్వు బిగించే ముందు దానికీ ఇదే పరీక్ష చేయండి. పది నిమిషాల శ్రమతో, పని చేయని కొత్త వాల్వు కోసం మొత్తం మళ్ళీ విప్పే అవస్థ తప్పుతుంది.

ఏమేం కావాలి

మీ ఇంజిన్‌కి సరిపడే అంకె ఉన్న థర్మోస్టాట్, దానితో కొత్త రబ్బరు రింగు లేదా ప్యాకింగ్. "మన ఊళ్ళో వేడి ఎక్కువ" అని తక్కువ డిగ్రీల వాల్వు వేయకండి. అది తెరుచుకునే వేడిని మార్చగలదు గానీ రేడియేటర్ చల్లబరిచే శక్తిని పెంచలేదు. కొన్ని కార్లలో వాల్వు విడిగా రాదు, ప్లాస్టిక్ హౌసింగ్‌తో కలిపే కొనాలి.

కంపెనీ చెప్పిన రకం కూలెంట్ 3 లీటర్లు దగ్గర ఉంచుకోండి. సీసా మీద కలిపి సిద్ధం చేసినదో, చిక్కటిదో చదవండి. చిక్కటిదైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. బోరు నీళ్ళు వద్దు. మన బోరు నీళ్ళలోని సున్నం రేడియేటర్ సన్నటి గొట్టాల లోపల పెచ్చు కడుతుంది. రంగు చూసి కూలెంట్లు కలపడం కూడా తప్పే. రంగు కేవలం అద్దకం, రెండు సీసాలు పచ్చగా ఉన్నంత మాత్రాన లోపలి మందులు ఒకటి కావు.

పనిముట్లు: 10 నంబర్ సాకెట్, రాచెట్, ఎక్స్‌టెన్షన్, క్లాంపులకి ప్లయర్, వెడల్పాటి తొట్టి, గరాటు, ప్లాస్టిక్ గీకుడు బిళ్ళ, వాడేసిన గుడ్డలు.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపి పొద్దున చేయడం మేలు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పోయి, అప్పటిదాకా మరగకుండా ఉన్న కూలెంట్ క్షణంలో పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాన్ తిరుగుతుంది.

రేడియేటర్ అడుగున డ్రెయిన్ మర వదులు చేసి, మూత తీసి, 2 లీటర్ల దాకా తొట్టిలోకి వదలండి. హౌసింగ్ కంటే కిందికి మట్టం దిగితే చాలు. పాత ప్లాస్టిక్ మర బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకండి, తల విరిగిపోతుంది. కింది గొట్టం క్లాంపు జరిపి అక్కడి నుంచి దించండి.

రేడియేటర్ గొట్టం వెంట చెయ్యి పోనిస్తే అది ఇంజిన్‌కి కలిసే చోట రెండు మూడు బోల్టుల హౌసింగ్ తగులుతుంది. కొన్నిటిలో ఇది పై గొట్టం చివర, కొన్నిటిలో కింది గొట్టం చివర ఉంటుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాగి, చెయ్యి పట్టని చోట ఉంటే ఆ పని షెడ్డుకే వదిలేయండి. గొట్టం అతుక్కుపోయి ఉంటే గుంజకుండా అటూ ఇటూ మెలితిప్పండి. స్క్రూడ్రైవర్ దూర్చితే రబ్బరు లోపల చీరుకుంటుంది.

బోల్టుల విషయంలో ఓపిక పట్టండి. అల్యూమినియంలో కూర్చున్న ఇనప బోల్టు తుప్పుతో కరుచుకుని ఉంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. పొద్దున ముందు పిసరంత బిగించి, ఆ తరవాత వదులు చేయండి. కదలకపోతే మళ్ళీ నూనె వేసి ఆగండి. బోల్టు విరిగి సగం లోపల ఉండిపోతే రెండు గంటల పని రెండు రోజులవుతుంది.

హౌసింగ్ ఊడాక వాల్వు ఎటు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. మైనం బుడ్డి, పెద్ద స్ప్రింగు ఉన్న వైపు ఇంజిన్‌లోకి ఉండాలి. తిరగేస్తే వేడి బుడ్డికి సరిగా తగలక ఆలస్యంగా తెరుచుకుంటుంది. అంచున చిన్న గిలక లాంటి పిన్ను ఉంటే అది గాలి పోయే దారి. వాల్వు నిలువుగా కూర్చునే బండిలో ఆ పిన్ను పైకి, గడియారంలో 12 ఉండే చోట రావాలి.

బిగించడం

రంధ్రంలో గుడ్డ కుక్కి పాత ప్యాకింగ్‌ను ప్లాస్టిక్ బిళ్ళతో గీకండి. ఇనప బ్లేడు గీతలు పడితే కారడం ఖాయం. రబ్బరు రింగు ఉన్నదానికి సిలికాన్ గమ్ పూయకండి. గమ్ మీద రింగు జారుతుంది, లోపలికి పొంగిన గమ్ ముక్కలు రేడియేటర్‌లో అడ్డుపడతాయి.

వాల్వు అంచు కోసం చెక్కిన గాడిలో అది సరిగ్గా కూర్చుందని వేలితో తడిమి చూశాకే హౌసింగ్ పెట్టండి. గాడి తప్పిన వాల్వు మీద బోల్టులు బిగిస్తే హౌసింగ్ చెవి పగులుతుంది. బోల్టులు మొదట చేత్తోనే తిప్పి, తరవాత ఒకదాని తరవాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఈ సైజు బోల్టుకి మాన్యువల్ వేరే అంకె చెప్పకపోతే సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. అంటే రాచెట్‌ను తల దగ్గర పట్టుకుని మణికట్టు బలంతో బిగించేంత.

గాలి తీయడం

బ్యాటరీ తీగ కలపండి. కారు ముక్కు కాస్త ఎత్తులో ఉండేలా నిలిపితే నయం. హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టండి. గాలి తీసే మర ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి కూలెంట్ ధార కట్టేదాకా నింపి బిగించండి. సన్నటి ధారగా పోస్తూ గొట్టాలను పిసుకుతుండండి. తీసినంత తిరిగి పట్టకపోతే లోపల గాలి ఉన్నట్టే. అందుకే తొట్టిలో ఎంత దిగిందో కొలిచి పెట్టుకోవాలి.

మూత తీసే ఉంచి ఇంజిన్ ఐడిల్‌లో వదిలేయండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో వాల్వు తెరుచుకుంటుంది. అప్పటిదాకా చల్లగా ఉన్న గొట్టం ఒక్కసారిగా వేడెక్కుతుంది, రేడియేటర్ నోట్లో మట్టం దిగుతుంది. కొంచెం కొంచెంగా కూలెంట్ పోయండి, ముఖం మాత్రం దూరంగా ఉంచండి. బుడగలు ఆగాక మూత బిగించి, ఫ్యాన్ రెండుసార్లు వచ్చి ఆగేదాకా చూడండి. రేడియేటర్‌కి మూతే లేకుండా ఒత్తిడి ట్యాంకు మాత్రమే ఉన్న కార్లలో నింపడమంతా ఆ ట్యాంకు నుంచే.

డ్యాష్‌బోర్డు వెనక గలగల వినిపించినా, హీటర్ చల్లగాలి వదిలినా, ముల్లు పైకీ కిందికీ ఊగినా గాలి మిగిలి ఉంది. చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. బుడగలు ఎంతకీ ఆగకపోతే, సైలెన్సర్‌లో తీపి వాసన గల తెల్లపొగ వస్తే, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసినట్టు కనిపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే ప్యాకింగ్) పోయి ఉండవచ్చు. ఆ బండిని నడపకుండా టో చేయించండి.

మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి చూసి, తగ్గినంత పోయండి. రిజర్వ్ ట్యాంకును రెండు గీతల మధ్య ఉంచండి. దించిన పాత కూలెంట్‌ను కాలవలోనో చెట్టు మొదట్లోనో పోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకి చనిపోతాయి. మూత గట్టిగా బిగించిన డబ్బాలో, పైన "విషం" అని రాసి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో అడిగి అప్పగించండి.