మిల్లు ఆవిరి ఇంజిన్ బొమ్మ కుదరడం లేదా? తప్పు ఎక్కడుందో, ఎలా దిద్దాలో

నల్లగొండలో డ్రాయింగ్ నేర్పుతుంటాను. నా దగ్గరికి పాలిటెక్నిక్ పిల్లలూ వస్తారు, చేనేత ఇళ్ల పిల్లలూ వస్తారు. పాత బట్టల మిల్లుల ఆవిరి ఇంజిన్లు గీయడమంటే వాళ్లకూ ఇష్టం, నాకూ ఇష్టం. ఎదురుగా కూర్చుని గీసుకోవడానికి అలాంటి ఇంజిన్ మనకు దగ్గర్లో దొరకదు కాబట్టి ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల ఫొటోలు, వీడియోలే ఆధారం. గీత బాగున్నా బొమ్మ చెడిపోతోందంటే, ఏ భాగం దేన్ని తిప్పుతుందో తెలియకుండా గీశారని అర్థం. పదేపదే ఎదురయ్యే ఇబ్బందులు ఇవీ.

ఫ్లైవీల్ షాఫ్ట్ మీద సరిగా కూర్చోలేదు, వంకరగా కనిపిస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. ఫ్లైవీల్ అంటే ఇంజిన్ తిప్పే పెద్ద బరువైన చక్రం, షాఫ్ట్ అంటే అది బిగించి ఉండే ఇరుసు. చక్రం నిటారుగా నిలబడి ఉంటుంది కదా అని ఎలిప్స్ (నొక్కినట్టుండే వృత్తం) దీర్ఘాక్షాన్ని, అంటే పొడవైన నడిగీతను కూడా నిటారుగా గీసేస్తారు. కళ్ల ఎత్తు, షాఫ్ట్ ఎత్తు ఒకటే అయితే అది చెల్లుతుంది. పైనుంచో కిందినుంచో చూస్తే షాఫ్ట్ గీత కాగితం మీద ఏటవాలుగా వస్తుంది. అప్పుడు ఎలిప్స్ కూడా దానితో పాటు ఒరగాలి.

ముందు షాఫ్ట్ నడిగీత గీయండి. హ్రస్వాక్షం, అంటే ఎలిప్స్ పొట్టి నడిగీత, ఆ గీత మీదే ఉండాలి, దీర్ఘాక్షం దానికి లంబంగా ఉండాలి. తర్వాత ఒక సన్నటి కాగితం పట్టీ తీసుకుని అంచు మీద మూడు గుర్తులు పెట్టండి. మొదటి గుర్తు నుంచి రెండోదానికి దూరం హ్రస్వాక్షంలో సగం, మొదటి దాని నుంచే మూడోదానికి దూరం దీర్ఘాక్షంలో సగం. రెండో గుర్తు దీర్ఘాక్షం మీద, మూడోది హ్రస్వాక్షం మీద ఉండేలా పట్టీని జరుపుతూ పోండి. మొదటి గుర్తు ఆగిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టండి. చుక్కలన్నీ కలిపితే ఎలిప్స్ వస్తుంది. దీనికి టెంప్లేట్ కొనక్కర్లేదు.

చక్రం మందం కోసం అదే ఎలిప్స్‌ను షాఫ్ట్ గీత వెంట వెనక్కి జరిపి ఇంకోసారి గీయాలి. పక్కనున్న అంచు వెడల్పు చుట్టూ ఒకేలా ఉండదు. హ్రస్వాక్షం దగ్గర వెడల్పుగా, దీర్ఘాక్షం చివర్ల దగ్గర సన్నగా కనిపిస్తుంది. స్కేలుతో ఒకే కొలత తీసుకుని చుట్టూ గీస్తే చక్రం రేకుతో చేసినట్టు ఉంటుంది.

చక్రం ఆకులు సమానంగా పంచినా తేడాగా ఉన్నాయి

పంచింది ఎలిప్స్‌ను కాబట్టి. కోణమాపకాన్ని ఎలిప్స్ మీద పెట్టకూడదు. దీర్ఘాక్షాన్ని వ్యాసంగా తీసుకుని పూర్తి వృత్తం గీసి, దాన్ని పంచండి. 8 ఆకులుంటే 45 డిగ్రీలకొకటి. వృత్తం మీది ప్రతి బిందువు నుంచి దీర్ఘాక్షానికి లంబంగా గీత దింపితే, ఎలిప్స్‌ను ఎక్కడ తాకుతుందో అక్కడ ఆకు చివర వస్తుంది. పైనా కిందా ఆకులు దగ్గరకు చేరతాయి, పక్కలకు విడిపోతాయి. పొలంలో బావి దగ్గర మూలన పడేసిన పాత ఆయిల్ ఇంజన్ ఉంటే దాని చక్రాన్ని ఒకసారి నిలబడి, ఒకసారి కూర్చుని గీసి చూడండి. ఫొటో కంటే బాగా నేర్పుతుంది.

అన్నీ ఉన్నాయి కానీ ఇంజిన్ నడిచేలా లేదు

క్రాంక్ (షాఫ్ట్‌ను తిప్పే చెయ్యి) ఒక ఫొటో నుంచి, క్రాస్‌హెడ్ (పిస్టన్ రాడ్ చివర ముందుకూ వెనక్కూ జారే భాగం) ఇంకో ఫొటో నుంచి తీసుకుంటే ఇలా అవుతుంది. ఈ రెండింటినీ కనెక్టింగ్ రాడ్ కట్టేసి ఉంచుతుంది, దాని పొడవు మారదు. కాబట్టి క్రాంక్ ఎక్కడుందో నిర్ణయించాక క్రాస్‌హెడ్ ఎక్కడుండాలో మన చేతిలో ఉండదు.

లెక్క సులువే. స్ట్రోక్, అంటే పిస్టన్ ఒక చివర నుంచి ఇంకో చివరకు కదిలే దూరం, 5 అడుగులైతే క్రాంక్ అందులో సగం, రెండున్నర అడుగులు. కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కు 5 రెట్లు అనుకుందాం, పన్నెండున్నర అడుగులు. కాంపస్‌ను స్కేలు ప్రకారం అంత తెరిచి, క్రాంక్ పిన్ మీద ముల్లు పెట్టి, పిస్టన్ రాడ్ గీతను ఖండించండి. క్రాస్‌హెడ్ పిన్ అక్కడే. అడ్డంగా పడుకున్న ఇంజిన్‌లో క్రాంక్ నిట్టనిలువుగా ఉన్నప్పుడు క్రాస్‌హెడ్ సరిగ్గా మధ్యలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఈ కొలతలకు దాదాపు 3 అంగుళాలు క్రాంక్ వైపుకు జరిగి ఉంటుంది. కాగితం మీద అది చిన్న తేడానే, కానీ మెషిన్ తెలిసినవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది.

ఇంజిన్ రకం కూడా చూసుకోవాలి. బర్న్‌లీలోని క్వీన్ స్ట్రీట్ మిల్లు ఇంజిన్ ‘పీస్’, 1895 నాటిది, 500 హార్స్‌పవర్, టాండెమ్ కాంపౌండ్. అంటే రెండు సిలిండర్లూ ఒకే వరుసలో, ఒకే పిస్టన్ రాడ్ మీద ఉంటాయి, క్రాంక్ ఒక్కటే. బార్నల్డ్స్‌విక్‌లోని బాంక్రాఫ్ట్ మిల్లుది క్రాస్ కాంపౌండ్. చక్రానికి అటొక సిలిండర్, ఇటొక సిలిండర్. ఇలాంటి వాటిలో రెండు క్రాంకులూ ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో ఉంటాయి, ఒకటి చివరికొచ్చి ఆగే చోట రెండోది లాగడానికి. రెండింటినీ ఒకే దిక్కుకు గీశారంటే ఆ ఇంజిన్ ఒక్కోసారి అసలు కదలనే కదలదు.

నడుస్తున్న ఇంజిన్ గీశాను, ఆగినట్టుంది

గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే పరికరం) గుండ్లు చూడండి. వేగం పెరిగేకొద్దీ గుండ్లు బయటికి విచ్చుకుని పైకి లేస్తాయి, ఆవిరి తగ్గిస్తాయి. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి ఇంజిన్‌కు దీన్ని అమర్చాడు. ఆపేసిన ఇంజిన్ ఫొటోలో గుండ్లు కిందికి వేలాడుతుంటాయి. దాన్ని ఉన్నదున్నట్టు దించి, చక్రం దగ్గర మాత్రం వేగం గీతలు వేస్తే పొసగదు. నడుస్తుంటే గుండ్లు విప్పండి, ఆకులను కాస్త మసకగా వదిలేయండి.

పెద్ద ఇంజిన్ కాస్తా బొమ్మ మెషిన్‌లా అయింది

విగన్‌లోని ట్రెంచర్‌ఫీల్డ్ మిల్లు ఇంజిన్ 1907 నాటిది, 2500 హార్స్‌పవర్. దాని ఫ్లైవీల్ సుమారు 26 అడుగులు. పక్కన అయిదున్నర అడుగుల మనిషి నిలబడితే చక్రంలో నాలుగో వంతు కూడా రాడు. ఆ మనిషిని గీయండి, లేదా కనీసం రెయిలింగ్, మెట్లు, తలుపు గీయండి.

ఇంకో కారణం, చక్రాన్ని నేల మీద ఆనించి గీయడం. ఇలాంటి చక్రాల కింది భాగం గుంతలో ఉంటుంది. షాఫ్ట్ నేలకు కొద్దిగా పైన ఉంటుంది. కాబట్టి నేల గీత చక్రాన్ని కోసుకుంటూ పోవాలి.

దగ్గరున్న సిలిండర్ మరీ ఉబ్బిపోయింది

ఇది ఫొటో తప్పు. ఇంజిన్ గదులు ఇరుకు, అందరూ వైడ్ లెన్స్‌తో తీస్తారు. ఒకే ఫొటోను నమ్ముకోకండి. పక్క నుంచి కాస్త దూరంగా తీసిన ఫొటో ఒకటి వెతికి, సిలిండర్ పొడవు, చక్రం వ్యాసం మధ్య నిష్పత్తి దాని నుంచి తీసుకోండి. ఆ తర్వాత గళ్లు గీసుకుని దించండి. పోచంపల్లి, పుట్టపాక ఇళ్లలో గ్రాఫ్ కాగితం మీద డిజైన్ వేయడం చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ పని చెప్పనక్కర్లేదు. గడి తప్పితే డిజైన్ ఎక్కడ చెడుతుందో వాళ్లకు ముందే తెలుసు.

తాళ్లన్నీ కలిసి నల్లటి ముద్దయ్యాయి

ఇంజిన్ శక్తిని మిల్లు అంతస్తులకు అందించే తాళ్లు ఫ్లైవీల్ మీదుగా వెళ్తాయి. ట్రెంచర్‌ఫీల్డ్ చక్రం మీద 54 తాళ్లు. అన్నీ గీయాలన్న పట్టుదల వదిలేయండి. ముందున్న మూడు నాలుగు తాళ్లను పురితో సహా శ్రద్ధగా గీయండి. మిగతావాటికి లేత షేడ్ వేసి, చివరి తాడు అంచు మాత్రం స్పష్టంగా తేల్చండి. తాళ్లు ఒక్కో అంతస్తులోని షాఫ్ట్‌కు విడివిడి గుంపులుగా వెళ్తాయి. ఆ గుంపుల మధ్య ఖాళీ చూపిస్తే చాలు. స్కేలు పెట్టి గీయొద్దు, ఆగిన ఇంజిన్ తాళ్లు కాస్త జారి ఉంటాయి.

ఇనుమంతా ప్లాస్టిక్‌లా మెరుస్తోంది

అన్నిటికీ ఒకేలా మెరుపు పెట్టడం వల్ల. పాలిష్ చేసిన పిస్టన్ రాడ్ మీద తెల్లటి గీతను ఆనుకునే చిక్కటి నలుపు ఉంటుంది, మధ్యలో బూడిద రంగు దాదాపు ఉండదు. అక్కడ 4బీ పెన్సిల్‌ను వెనకాడకుండా నొక్కండి. ఇంజిన్‌ను మోసే, రంగేసిన బెడ్‌ది మందకొడి మెరుపు, హెచ్‌బీతో మెల్లగా మార్చుకుంటూ పోవాలి. సిలిండర్ దగ్గర జాగ్రత్త. పైన కనిపించేది అసలు సిలిండర్ కాదు, వేడి పోకుండా కప్పిన తొడుగు. కొన్నింటికి చెక్క పట్టీలు, వాటిని పట్టి ఉంచే ఇత్తడి పట్టాలు ఉంటాయి. చెక్కకు గీతల దిశ పొడవునా, ఇత్తడికి గుండ్రంగా పెట్టండి.