పిల్లల కీళ్ళ వాపు: వైజాగ్ రైలెక్కే ముందు రాసుకోవాల్సిన కాగితం

మా రాయగడలో పిల్లాడి మోకాలు వాస్తే ముందు ఎక్కడో పడుంటాడంటారు, తగ్గకపోతే వాళ్ళ నాన్నమ్మకీ మోకాళ్ళ నొప్పులేగా, వంశంలోనే ఉందంటారు. నాన్నమ్మని వదిలేయండి. వయసు మీద పడి అరిగిన మోకాళ్ళు వేరు, పిల్లల ఆర్థరైటిస్, అంటే ఈ కీళ్ళ వాపు జబ్బు వేరు. జన్యువుల పాత్ర ఉంది కానీ, అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒకరికొచ్చినా రెండోవాళ్ళకి రాకపోవడమే ఎక్కువ.

16 ఏళ్ళలోపు బిడ్డకి కీలు వాపు ఆరు వారాలైనా పోలేదంటే వైజాగో బరంపురమో పెద్దాసుపత్రికి వెళ్ళాల్సిందే. వెళ్ళే ముందు ఒక కాగితం మీద అటు ఏడు ఇటు ఏడు తరాలు అక్కర్లేదు, అమ్మా నాన్నా, తోబుట్టువులు, తాతలు, మేనమామలు, మేనత్తల పేర్లు రాసి, పొద్దున్నే నడుం పట్టేసి నాలుగడుగులు తిరిగితే సర్దుకునేది ఎవరికి, కన్ను ఎర్రబడి నొప్పి మాటిమాటికీ వచ్చేది ఎవరికి, సొరియాసిస్ ఎవరికి అని అడిగి రాయండి. మా అక్క కొడుకు మడమ నొప్పితో కుంటుతుంటే తీసుకెళ్ళాం, ఇంట్లో ఎవరికైనా నడుం నొప్పుందా అని డాక్టరమ్మ అడిగితే లేదనేశాం. మా బావ ఏళ్ళుగా పొద్దున్నే గోడ పట్టుకుని లేస్తాడన్న సంగతి తిరుగు రైల్లో, పార్వతీపురం దాటాక గుర్తొచ్చింది!

నడుం, మడమ నొప్పులతో వచ్చే ఆ రకం ఆర్థరైటిస్‌కి హెచ్‌ఎల్ఏ బి27 అనే జన్యువుతో సంబంధం ఎక్కువ, ఆరేళ్ళు దాటిన మగపిల్లల్లో మరీను. అలాగని మీరే ల్యాబ్‌కెళ్ళి ఆ టెస్టు చేయించి టెన్షన్ పడకండి, పాజిటివ్ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఏ జబ్బూ రాదు.

మేనరికమైతే దాచకండి, ఎవరూ తిట్టరు. వేళ్ళ కణుపులు లావెక్కి బిగుసుకుపోతూ, ఒంట్లో వాపుందో లేదో చెప్పే ఇఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు మాత్రం మామూలుగా ఉంటే అది ఆర్థరైటిస్‌లా కనిపించే వేరే ఎముకల జబ్బు కావచ్చు. అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ ఒకే జన్యులోపం వస్తే వచ్చేది, దానికి స్టెరాయిడ్లు వాడినా ఉపయోగం లేదు.

మన జిల్లాల్లో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు కూడా ఉంది కదా. పసిపిల్లల అరచేతులు, పాదాలు వాచి, రక్తం తక్కువుంటే ముందు ఆ టెస్టు అడగండి. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువు మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఆర్థరైటిస్ ఉన్న బిడ్డ రిపోర్టులో ఏఎన్ఏ (రక్తంలో చూసే ఒక రకం యాంటీబాడీ) పాజిటివ్ అని ఉంటే కళ్ళ డాక్టరు దగ్గరకి తప్పకుండా వెళ్ళాలి, ఎరుపూ నొప్పీ లేకుండానే కంటి లోపల వాపు రావచ్చు. తమ్ముడికీ టెస్టులు చేయించాలా అని అడుగుతారు అందరూ. అక్కర్లేదు, పొద్దున్న లేవగానే కుంటుతున్నాడేమో చూస్తుండండి చాలు.