కాసాబ్లాంకాకి కొత్తగా వచ్చారా? ముందు తాజిన్ కింద మంట తగ్గించండి

నివాస కార్డు, బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె కాగితాలు మీ ఆఫీసువాళ్ళు చూసుకుంటారు. వాటి గురించి నేను రాయను. మొరాకోలో జోర్ఫ్ లస్ఫర్ ఎరువుల ఫ్యాక్టరీలకో, కాసాబ్లాంకా సాఫ్ట్‌వేర్ ఆఫీసులకో వచ్చిన మనవాళ్ళు మొదటి నెలలన్నీ రొట్టె, ఆమ్లెట్‌తో గడిపేస్తారు. నేనూ అంతే. ఇంట్లో హీటర్ లేదు, మాట్లాడటానికి భాష రాదు, సూట్‌కేసులో తెచ్చుకున్న కారప్పొడి దీపావళి లోపే అయిపోయింది. ఆ చలికాలం తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది.

మొన్న ఒక తమ్ముడు కొత్త తాజిన్, అంటే ఇక్కడివాళ్ళు కూర వండే కోసు మూత మట్టిపాత్ర, కొని, అదే రోజు, మన మటన్ కూర వండినట్టు పెద్ద మంట మీద పెట్టాడు. అడుగు ఫట్‌మని పగిలి కిలో మాంసం స్టవ్ పాలైంది. ఇక్కడ గొర్రె మాంసం చవక కాదు బాబూ. వరుస కరువులకి మందలు తగ్గిపోయి, 2025లో బక్రీద్‌కి బలి ఇవ్వడం మానుకోమని రాజు ఆరో మహమ్మదే ప్రజలను కోరారంటే అర్థం చేసుకోండి.

ఇప్పుడు చెప్పబోయేది పండు వేసి వండే గొర్రె మాంసం, దాన్నీ తాజిన్ అనే అంటారు. మాంసం కొట్టుకెళ్ళినప్పుడు 'ఘన్మీ' అని అడగండి, అది గొర్రె. 'బగ్రీ' అంటే గొడ్డుమాంసం. రెండూ ఒకే కొట్లో వేలాడుతుంటాయి కాబట్టి తిననివాళ్ళు గట్టిగా చెప్పాలి. భుజం ముక్కలు, ఎముకతో సహా, ఒక కిలో చాలు.

అక్టోబరు, నవంబరుల్లో బజారునిండా స్ఫర్జల్ ఉంటుంది. పసుపుపచ్చగా, పైన నూగుతో, బేరిపండు జాతి కాయ. పచ్చిగా కొరికితే వగరు. నూగు తుడిచి, నాలుగు ముక్కలు చేసి, గింజల భాగం తీసి నిమ్మరసం పిండిన నీళ్ళలో వెయ్యండి, లేకపోతే నల్లబడతాయి. మూడు కాయలు చాలు. అవి దొరక్కపోతే ఎండు ఆలూబుఖారా, అదీ కాకపోతే అంజీర్. మాంసంలో పండేమిటని ముఖం చిట్లించకండి. చింతచిగురు మాంసం, మామిడికాయ మాంసం తిని పెరిగినవాళ్ళం కదా! మనకి కొత్తది తీపి ఒక్కటే. మొదటిసారి తేనె తగ్గించి, మిరియాలు పెంచుకోండి.

మసాలా అంతా మనకి తెలిసిందే. తురిమిన పెద్ద ఉల్లిపాయలు రెండు, మూడు చెంచాల నూనె, చెంచాడు శొంఠిపొడి, అరచెంచా మిరియాలపొడి, అరచెంచా పసుపు, దాల్చినచెక్క, ఉప్పు, చిటికెడు కుంకుమపువ్వు. కుంకుమపువ్వుకి పేరున్న తాలివిన్ ఊరిదని చెప్పి అమ్మితే ధర చూసి భయపడకండి, చిటికెడే కదా పడేది. కొత్తిమీర కట్టకి దారం చుట్టి అలాగే వేసి చివర్లో తీసేస్తారు. పోపు, గరంమసాలా మాత్రం వద్దు. దయచేసి వద్దు.

ఇక అసలు సంగతి, మంట. కొత్త తాజిన్‌ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, నూనె రాసి, చల్లటి ఓవెన్‌లో పెట్టి 150 డిగ్రీల మీద రెండు గంటలు ఉంచండి. ఓవెన్ ఆపాక లోపలే చల్లారనివ్వండి. రంగులూ పూలూ వేసినవి కొనకండి, కొన్నిటి పూతలో సీసం ఉంటుంది. అవి గోడకి, అలమారాకి. వంటకి మట్టిరంగుదే.

గ్యాస్ మీద నేరుగా పెట్టొద్దు. మధ్యలో పెట్టే రేకు పళ్ళెం ద్రోగరీలో, అంటే ఇంటి సామాన్ల కొట్లో, దొరుకుతుంది, తాజిన్‌తో పాటే కొనుక్కోండి. మంట సిమ్‌లో మొదలై సిమ్‌లోనే ముగియాలి. రెండు, రెండున్నర గంటలు. గ్యాస్ ఖర్చు అంటారేమో, 12 కిలోల సిలిండర్‌ని 2024 మేలో 40 దిర్హాంల నుంచి 50 చేశారు, ఇప్పటికీ సబ్సిడీ ఉంది. రెండు గంటల సన్నమంటకి ఎవరూ దివాలా తియ్యరు. ఆ కోసు మూత ఆవిరిని పట్టి మళ్ళీ కిందికే దించుతుంది, అందుకే అరగ్లాసు నీళ్ళు సరిపోతాయి. ఐదు నిమిషాలకోసారి మూత తీసి గరిటె తిప్పితే ఆ ఆవిరంతా వంటింటి పాలే. నీళ్ళు తక్కువైతే వేడినీళ్ళే పొయ్యండి. దించాక గ్రానైట్ గట్టు మీద పెట్టకండి, మందపాటి గుడ్డ వేసి దాని మీద పెట్టండి. మజ్మర్, అంటే బొగ్గుల కుంపటి, మీద రుచి బాగుంటుందని విని గదిలో తలుపులు మూసుకుని అంటించేవాళ్ళున్నారు, ఆ పొగకి ప్రాణాలే పోతాయి.

సరే, ఇంత భయపెట్టాక ఇది చెప్పకపోతే అన్యాయం. మా పై అంతస్తులో ఉండే ఆవిడ మామూలు రోజుల్లో తాజిన్ పొయ్యి మీద పెట్టనే పెట్టరు. కుక్కర్‌లో వండేసి, తాజిన్‌లోకి మార్చి బల్ల మీద పెడతారు. ఇక్కడ చాలా ఇళ్ళలో అంతే. మీరూ టెన్షన్ పడకుండా కుక్కర్‌తోనే మొదలుపెట్టండి. గ్లాసు నీళ్ళు పోసి, మొదటి విజిల్ వచ్చాక సన్నమంట మీద అరగంట. పండ్లు అందులో వెయ్యకండి, గుజ్జైపోతాయి. రెండు గరిటెల పులుసు విడిగా తీసుకుని, వెన్న, తేనె, చిటికెడు దాల్చినపొడి వేసి, అందులో స్ఫర్జల్ ముక్కలు మెత్తబడి రంగు తిరిగేదాకా ఉడికించి మాంసం మీద పేర్చండి.

ఇక్కడివాళ్ళు దీన్ని రొట్టెతోనే తింటారు, ఒకే పాత్రలో, ఎవరి ముందున్న వైపు నుంచి వాళ్ళు, కుడిచేత్తో. ఎవరింటికైనా వెళ్తే అలాగే తినండి. మీ ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు అన్నంలో కలుపుకోండి, ఎవరూ చూడరు.